అప్పు, పరువు, ప్రాణము

శంషాబాదున 2008వ సంవత్సరము మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయము ముందు, చదువుకొరకు విదేశములకు పోవు బిడ్డలను సాగనంప వచ్చిన కుటుంబములు నిత్యము కనుపించును. పెట్టెలలో ఆవకాయయు, పొడులును సర్దియుండును. కాని తూకమునకు అందని బరువులు మరి రెండు ఆ బిడ్డవెంట పోవుచుండును. ఒకటి, చదువుకై తెచ్చిన అప్పు. రెండవది, "మావాడు పైకి వచ్చును" అని తండ్రి ఊరిలో చెప్పుకొన్న మాట. బిడ్డ గెలిచినచో రెండును తీరును. ఓడినచో ఏమగును?

ఈ ప్రశ్నకు తెలుగునాట పలుమారులు విషాదమైన సమాధానము లభించినది. 1998లో ఓరుగల్లు ప్రాంతమున పత్తిచేలు పురుగుపాలైనప్పుడు పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. విత్తనములను, మందులను అరువిచ్చిన వర్తకుడే చాలచోట్ల పంటను కొనువాడును అగుటచే, పంట పోయిన రైతునకు అప్పునుండి బయటపడు త్రోవ మూసికొనిపోయినది.

పొలములోని పంట యెట్లో, నేడు చదువుకొను బిడ్డయు అట్లే అయినాడు. పెట్టుబడి పెట్టినవారు ఫలితమునకై ఎదురుచూచుచుందురు. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. ఆ ఫలితములలో ఒక బాలికకు తెలుగున సున్న వచ్చినది. పత్రమును మరల చూడగా వచ్చినవి 99 మార్కులు! ఆ సున్న బాలికది కాదు, వేసిన చేతిది. అంకెలు ఇట్లు తప్పగలిగినప్పుడు, ఒక అంకెను బట్టి జీవితమును వెలకట్టుట ఎంతటి అవివేకము!

ఈ దుఃఖము మనకే పరిమితము కాదు. జపానున 1997లో దాదాపు 24 వేలుగా ఉన్న ఆత్మహత్యలు 1998లో 32 వేలు దాటినవి. ఒక జాతి మనస్సంతయు ఒక్క యేటిలో బలహీనమగునా? కాదు. ముందటియేడు అచట పెద్ద ఆర్థికసంస్థలు కూలినవి, ఉద్యోగములు పోయినవి, అప్పులకు పూచీపడిన బంధుమిత్రులును చిక్కులలో పడిరి. అతిశ్రమవలన కలుగు చావునకు ఆ భాషలో "కరోషి" అను పదమే కలదు. 2006లో ఆ దేశము ఆత్మహత్యల నివారణకు చట్టము చేసినది. ఆ యేడే అధిక వడ్డీలకును కళ్ళెము వేసినది. 2003లో 34 వేలు దాటిన సంఖ్య 2019 నాటికి ఇంచుమించు 20 వేలకు దిగినది. అయితే అచటనే 2022లో ప్రాణములు తీసికొనిన పాఠశాల విద్యార్థుల సంఖ్య 500 మించినది. పెద్దల అప్పులను చట్టము తగ్గింపగలదు. పిల్లల భయమును తగ్గింపవలసినది ఇల్లును, బడియును.

మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యాయత్నము చేసినవానిని శిక్షింపదగిన నేరస్థునిగా గాక, తీవ్రవేదనలో ఉన్న మనిషిగా భావించుచున్నది. 2022 నుండి టెలీ మానస్ 14416 సంఖ్యకు ఎవరైనను, ఏ వేళనైనను, ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే తమ బాధను చెప్పుకొనవచ్చును. ఈ అంకె ప్రతి తరగతిగోడపై ఉండదగినది. ఫలితములనాడు తప్పినవాని యింటికి పోయి పలుకరించు ఉపాధ్యాయుడు చేయు మేలు ఏ పాఠమునకును తీసిపోదు.

విమానాశ్రయపు వాకిట నిలిచిన తండ్రి "గెలిచి రా" అని దీవించుట సహజము. "ఓడినను రా, ఇల్లు నీదే" అను మాటను గూడ ఆ దీవెనకు చేర్చినచో, బిడ్డ మోయు బరువు సగము దిగును.