సాఫ్ట్‌బ్యాంక్: ఒక పెట్టుబడి సంస్థ ఉత్థాన పతనాలు

వాణిజ్యం ఎంత ప్రాచీనమో, ఇతరుల ధనంతో వాణిజ్యం చేయడం కూడా ఇంచుమించు అంతే ప్రాచీనం. పూర్వం సముద్రయానానికి ఓడను సిద్ధం చేసుకొన్న నావికునికి ధనికుడైన వర్తకుడు సొమ్ము సమకూర్చేవాడు. ఓడ క్షేమంగా తిరిగి వస్తే లాభంలో భాగం పొందేవాడు. మునిగితే నష్టాన్ని భరించేవాడు. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ పద్ధతి కొత్త రూపం ధరించినది. నావికుని స్థానంలో యువ శాస్త్రజ్ఞుడు, ఇంజనీరు నిలిచినారు. ఓడ స్థానంలో కంప్యూటరు, టెలిఫోను, ఇంటర్నెట్టు వచ్చినవి. వర్తకుని స్థానాన్ని పెట్టుబడి సంస్థలు ఆక్రమించినవి.

ఇటువంటి సంస్థలలో జపానుకు చెందిన సాఫ్ట్‌బ్యాంక్ చరిత్ర మిక్కిలి ఆసక్తికరమైనది. దానిని తెలుసుకొనుట మనకు అప్రస్తుతం కాదు. మన పట్టణ వీథులలో తిరిగే ఓలా కార్లు, మన బస్టాండ్ల సమీపాన కనిపించే ఓయో హోటళ్ల ఎర్ర బోర్డులు, కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన అంటించిన పేటీఎం చీటీలు – ఈ మూడింటి విస్తరణకూ ఆ సంస్థ సొమ్ము తోడ్పడినది. నేడు మన తరగతి గదులలో కూర్చున్నవారిలో కొందరు రేపు ఇటువంటి కంపెనీలలో ఉద్యోగాలు చేయబోతున్నారు. కనుక ఆ ఉద్యోగాల వెనుక ఉన్న ధనం ఎట్టిదో, ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో ఎరిగి ఉండుట అవసరం.

స్థాపకుడు – స్థాపన

ఈ సంస్థను స్థాపించిన మసయోషి సన్ 1957లో జపానులోని క్యూషూ ద్వీపంలో, తోసు అనే పట్టణంలో జన్మించినాడు. ఆయన పూర్వులు కొరియా దేశీయులు. జపానులో స్థిరపడిన కొరియన్లు అల్పసంఖ్యాకులు. వివక్షకు గురి అయినవారు. అందుచేత అనేకుల వలెనే ఆయన కుటుంబం కూడా యసుమోతో అనే జపాను ఇంటిపేరుతో వ్యవహరించేది. పదహారేళ్ల ప్రాయంలో అమెరికా వెళ్లి, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివినాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే, ప్రొఫెసర్ల సహాయంతో ఒక భాష నుండి మరొక భాషకు మాటలను మార్చే చిన్న యంత్రాన్ని తయారు చేయించి, దాని హక్కులను షార్ప్ కంపెనీకి విక్రయించినాడు. స్వదేశానికి తిరిగి వచ్చిన పిమ్మట జపాను పేరును విడిచి, సన్ అనే తన కొరియా ఇంటిపేరుతోనే వ్యాపారంలో ప్రవేశించినాడు. తన వంశపు గుర్తింపును దాచుకొనకుండా ముందుకు పోవుట ఆ రోజులలో సామాన్యమైన సాహసం కాదు.

1981లో స్థాపించిన సాఫ్ట్‌బ్యాంక్ మొదట పెట్టుబడి సంస్థ కాదు. కంప్యూటర్ల సాఫ్ట్‌వేరును టోకున కొని దుకాణాలకు సరఫరా చేసే వర్తక సంస్థ. కంప్యూటరు పత్రికలను కూడా ప్రచురించినది. 1994లో తన వాటాలను ప్రజలకు విక్రయించి, ఆ ధనంతో సన్ తన దృష్టిని అమెరికా వైపు మరల్చినాడు. అప్పటికి శైశవ దశలో ఉన్న యాహూ అనే కంపెనీలో 1996లో 10 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి పెట్టినాడు. అదే సంవత్సరం యాహూ జపాను కూడా స్థాపితమైనది.

మొదటి ఉచ్ఛ్రాయం, మొదటి పతనం

1990వ దశకం చివరలో ఇంటర్నెట్టు పేరు చెప్పుకొన్న ప్రతి కంపెనీ వాటాలూ ఆకాశాన్ని అంటినవి. సాఫ్ట్‌బ్యాంక్ చేతిలో అటువంటి వాటాలు వందల కంపెనీలలో ఉండినవి. 2000 సంవత్సరపు ఆరంభంలో సన్ ప్రపంచంలోని అగ్రశ్రేణి ధనవంతుల సరసన చేరినాడు. కాని ఆ ఏడే మార్కెట్టు కూలినది. సాఫ్ట్‌బ్యాంక్ వాటా ధర నూటికి తొంభై పాళ్లకు పైగా పడిపోయినది. సన్ సొంత సంపదలో సుమారు 7,000 కోట్ల డాలర్లు హరించుకొని పోయినవని లెక్క కట్టినారు.

అయినప్పటికీ ఆ 2000వ సంవత్సరపు మొదటి నెలలోనే ఆయన చేసిన ఒక చిన్న పెట్టుబడి తరువాతి ఇరువది సంవత్సరాల చరిత్రను నిర్ణయించినది. చైనాలో ఆంగ్లోపాధ్యాయుడుగా పనిచేసి వ్యాపారంలోకి వచ్చిన జాక్ మా స్థాపించిన అలీబాబా కంపెనీకి సాఫ్ట్‌బ్యాంక్ 2 కోట్ల డాలర్లు ఇచ్చినది. 2014లో అలీబాబా న్యూయార్క్ మార్కెట్టులో ప్రవేశించిన నాటికి ఆ వాటాల విలువ 5,000 కోట్ల డాలర్లను దాటినది. ఒక రూపాయి రెండువేల అయిదువందల రూపాయలకు మించినదన్న మాట.

ఈ మధ్యకాలంలో సంస్థను నిలబెట్టినది అలీబాబా ఒక్కటే కాదు. 2001లో చౌకగా ఇంటర్నెట్టు సౌకర్యం కల్పించే వ్యాపారాన్ని ఆరంభించినారు. 2006లో వోడాఫోన్ జపాను శాఖను కొనుగోలు చేసినారు. 2008లో ఐఫోనును జపానులో ప్రవేశపెట్టినారు. ప్రతి నెలా లక్షలాది ఖాతాదారులు చెల్లించే టెలిఫోను బిల్లుల రాబడి సంస్థకు స్థిరమైన ఆధారమైనది. 2016లో ఇంగ్లండుకు చెందిన ఆర్మ్ అనే కంపెనీని 2,430 కోట్ల పౌండ్లకు కొన్నారు. ప్రపంచంలోని సెల్‌ఫోన్లలో అత్యధిక భాగం ఆర్మ్ రూపొందించిన నమూనాల చిప్పులపైనే పనిచేస్తున్నవి.

విజన్ ఫండ్

2017లో సన్ ‘విజన్ ఫండ్’ అనే మహానిధిని ప్రారంభించినాడు. ఆరంభంలోనే 9,300 కోట్ల డాలర్లు సమకూడినవి. అందులో సౌదీ అరేబియా ప్రభుత్వ నిధి 4,500 కోట్లు, అబూధాబీకి చెందిన ముబాదలా సంస్థ 1,500 కోట్లు ఇచ్చినవి. చమురుపై ఆధారపడిన దేశాలు, చమురు తరిగిన నాటికి మరొక జీవనాధారాన్ని వెదకుకొనే ప్రయత్నంలో ఉండగా, వారికి సన్ స్వప్నం నచ్చినది. సాంకేతిక కంపెనీలలో పెట్టుబడికై అంత పెద్ద నిధి అంతకు పూర్వం ఎన్నడూ ఏర్పడలేదు.

ఈ నిధి నిర్మాణంలో గమనించవలసిన విశేషం ఒకటి కలదు. బయటివారు ఇచ్చిన సొమ్ములో పెద్ద భాగానికి ఏటా 7 శాతం చొప్పున చెల్లించే ఏర్పాటు ఉండినది. అనగా అది పేరుకు పెట్టుబడి అయినా స్వభావంలో అప్పును పోలినది. లాభాలు వచ్చిన కాలంలో ఈ ఏర్పాటు సాఫ్ట్‌బ్యాంక్‌కు మిక్కిలి అనుకూలం. 7 శాతం పోగా మిగిలినదంతా తక్కిన వాటాదారులకు చేరుతుంది. నష్టకాలంలో అదే భారం రెట్టింపవుతుంది. అప్పు అనేది ఎక్కేటప్పుడు నిచ్చెన, దిగేటప్పుడు జారుడుబండ.

విలువ కట్టే విధానం

ఇటువంటి నిధుల లాభనష్టాలను అర్థం చేసుకొనడానికి, కంపెనీకి విలువ ఎట్లా కడతారో తెలియాలి. ఒక దుకాణంలో వంద వాటాలు ఉన్నవనుకొందాము. ఒకరు పది వాటాలను పది లక్షల రూపాయలకు కొన్నారు. వాటా ఒక లక్ష కనుక దుకాణం విలువ కోటి రూపాయలని లెక్క. మరుసటి సంవత్సరం అదే వ్యక్తి పాత భాగస్థుని వద్ద మరి అయిదు వాటాలను ఇరువది లక్షలకు కొన్నాడు. వాటా ధర నాలుగు లక్షలు. దుకాణం విలువ నాలుగు కోట్లు! అతని పాత పది వాటాలు కాగితం మీద నలభై లక్షలైనవి. ఈలోగా దుకాణంలో అమ్మకం పెరిగి ఉండవచ్చు, పెరగకపోవచ్చు. ధర పెంచినవాడూ, పెరిగిన ధరను చూసి లాభం వ్రాసుకొన్నవాడూ ఒక్కడే.

సంతలో అనేకులు కొని అనేకులు అమ్మే వస్తువు ధరకు కొంత ప్రామాణికత ఉంటుంది. నలుగురైదుగురు మాత్రమే కొనే వాటాల ధర వారి ఆశను కొలుస్తుందే గాని వస్తువును కొలవదు. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న మన సామెత ఇటువంటి లెక్కలకు చక్కగా వర్తిస్తుంది.

వీవర్క్ ఉదంతం

ఈ సూత్రానికి ప్రసిద్ధమైన ఉదాహరణ వీవర్క్. పెద్ద భవనాలను దీర్ఘకాలానికి అద్దెకు తీసుకొని, వాటిని అందంగా అలంకరించి, చిన్న చిన్న భాగాలుగా ఇతర కంపెనీలకు స్వల్పకాలపు అద్దెకిచ్చుట దాని వ్యాపారం. తత్త్వరీత్యా ఇది అద్దెల వ్యాపారమే. కాని సాంకేతిక కంపెనీగా పేరు పొందినది. సాఫ్ట్‌బ్యాంక్ పెట్టిన ధరను బట్టి 2019 జనవరిలో దాని విలువ 4,700 కోట్ల డాలర్లుగా లెక్కకు వచ్చినది. ఆ ఏడు ఆగస్టులో వాటాలను ప్రజలకు విక్రయించదలచి, చట్టప్రకారం తన లెక్కలను బయటపెట్టినది. 2018లో దాని రాబడి సుమారు 180 కోట్ల డాలర్లు. నష్టం 160 కోట్లకు పైమాటే! స్థాపకుని సొంత లావాదేవీలు కంపెనీ లావాదేవీలతో కలిసిపోయిన సంగతి కూడా బయటపడినది. విక్రయం ఆగిపోయినది. స్థాపకుడు ఆడమ్ న్యూమన్ పదవి నుండి తప్పుకొన్నాడు. కొద్ది వారాలలోనే కంపెనీ విలువ సుమారు 800 కోట్లకు దిగినది. నవంబరులో 2,400 మంది ఉద్యోగులను తొలగించినారు. చివరకు 2023 నవంబరులో ఆ కంపెనీ న్యాయస్థానంలో దివాళా అర్జీ దాఖలు చేసినది.

2020 మార్చితో ముగిసిన సంవత్సరంలో విజన్ ఫండ్ 1.9 లక్షల కోట్ల యెన్ల నష్టం చూపినది. కాని ఆ మరుసటి సంవత్సరమే, మార్కెట్లు లేచుటతోను, దక్షిణ కొరియాకు చెందిన కూపాంగ్ వంటి కంపెనీల వాటాలు మంచి ధర పలుకుటతోను, సాఫ్ట్‌బ్యాంక్ దాదాపు 5 లక్షల కోట్ల యెన్ల నికరలాభం ప్రకటించినది. ఆ వెనుక మరల పతనం. 2022 ఏప్రిల్ – జూన్ మూడు నెలలలోనే 3.16 లక్షల కోట్ల యెన్లు నష్టం వచ్చినది. ఇళ్ల నిర్మాణ కంపెనీ కతేరా, ఋణాల కంపెనీ గ్రీన్‌సిల్ 2021లోనే దివాళా తీసినవి. యంత్రాలచేత పిజ్జా చేయించదలచిన జూమ్ 2023లో మూతపడినది. ‘ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును’ అన్న మాటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

2022 ఆగస్టులో ఆ నష్టాలను ప్రకటించే సమావేశంలో సన్ ఒక చిత్రపటాన్ని తెరపై చూపినాడు. అది తొకుగావా ఇయెయాసు అనే జపాను యోధునిది. 1573లో మికతగహరా యుద్ధంలో ఓడిపోయి, దుఃఖముఖంతో కూర్చున్నట్లు ఆ చిత్రంలో ఉన్నది. ఆ ఓటమి తరువాత ముప్పది సంవత్సరాలకు ఇయెయాసు జపాను దేశాధిపతి అయినాడు. లాభాలు వచ్చినప్పుడు తాను గర్వించినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నానని సన్ ఆ సభలో చెప్పినాడు. నష్టాన్ని ఇంత బాహాటంగా ఒప్పుకొనే వ్యాపారులు అరుదు.

మరల ఉత్థానం

కథ అక్కడ ముగియలేదు. 2023 సెప్టెంబరులో ఆర్మ్ అమెరికా మార్కెట్టులో ప్రవేశించి, 5,400 కోట్ల డాలర్లకు పైగా విలువను పొందినది. కృత్రిమ మేధస్సు వ్యాప్తితో దాని ధర ఇంకను పెరిగినది. ఇందులో ఒక విచిత్రం కలదు. అదే కృత్రిమ మేధస్సుకు అవసరమైన చిప్పులను తయారు చేసే ఎన్విడియా కంపెనీలో విజన్ ఫండ్‌కు పెద్ద వాటా ఉండినది. 2019 ఆరంభంలో దానిని పూర్తిగా అమ్మివేసినారు. తరువాతి సంవత్సరాలలో ఎన్విడియా ప్రపంచంలోని అత్యంత విలువైన కంపెనీలలో ఒకటి అయినది. నిలుపుకొనవలసినదానిని విడిచి, విడువవలసిన వీవర్క్‌ను పట్టుకొన్నారు. 2025లో సన్ మరల సాహసించి, ఓపెన్‌ఏఐ అనే కంపెనీకి భారీ పెట్టుబడులను ప్రకటించినాడు. ఫలితాన్ని కాలమే తేల్చవలసి ఉన్నది.

మనము గ్రహించవలసినది

ఈ చరిత్రలో సాఫ్ట్‌బ్యాంక్‌ను నిజంగా ఆదుకొన్నవి ఏవి అని విచారిస్తే మూడు కనిపిస్తాయి: అలీబాబా, టెలిఫోను వ్యాపారం, ఆర్మ్. ఈ మూడూ ప్రజలకు అవసరమైన పనిని చేసి, దానికి తగిన ప్రతిఫలం పొందినవి. ముంచినవి ఏవి అని విచారిస్తే, పనికి మించిన ధరను మోసినవి. ఎక్కువ సొమ్ము ఇచ్చినంత మాత్రాన చెడ్డ వ్యాపారం మంచిది కాదు. పైపెచ్చు దాని లోపాలు ఆలస్యంగా బయటపడి, పడినప్పుడు ఎక్కువమందిని ముంచుతాయి.

నష్టం అందరికీ సమానంగా రాదన్నది రెండవ విషయం. మహానిధి ఒక కంపెనీలో పోగొట్టుకొన్నది మరొక కంపెనీలో రాబట్టుకొంటుంది. తొలగింపునకు గురి అయిన ఉద్యోగికి అటువంటి అవకాశం లేదు. 2021 నవంబరులో పేటీఎం వాటాను 2,150 రూపాయలకు కొన్న సామాన్యుడు మొదటి రోజుననే నూటికి ఇరవయ్యేడు రూపాయలు కోల్పోయినాడు. అతని చేతిలో అలీబాబా లేదు.

కావున విద్యార్థులు ఒక కంపెనీలో ఉద్యోగానికి పోయేటప్పుడు గాని, తమ తల్లిదండ్రుల మిగులు సొమ్మును వాటాలలో పెట్టేటప్పుడు గాని, దాని విలువ ఎంత అని అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. అది ఎవరి అవసరాన్ని తీర్చుచున్నది? దాని రాబడి ఖాతాదారుల నుండి వచ్చుచున్నదా, పెట్టుబడిదారుల నుండి వచ్చుచున్నదా? దాని లెక్కలను పరాయివాడు ఎవడైనా పరీక్షించినాడా? ఇతరుల ధనాన్ని చేతబట్టిన సంస్థలకు, అది కోట్ల డాలర్ల నిధి కావచ్చు, ఊరి సహకార సంఘం కావచ్చు, ఈ మూడవ ప్రశ్న ప్రాణం వంటిది. వీవర్క్ లెక్కలు బయటపడిన నాడు గదా దాని అసలు విలువ తెలిసినది! అంతకు రెండేండ్ల ముందే ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే, ఆ 2,400 కుటుంబాలలో అనేకులు అంత దూరం వచ్చి ఉండేవారు కారు.