డాలర్లు నిండుకుంటే గద్దెలెందుకు కదులుతాయి?

2022 మే 18న చెన్నై రేవు నుంచి ఒక ఓడ కొలంబోకు బయల్దేరింది. తమిళనాడు ప్రభుత్వం అందులో 9,000 టన్నుల బియ్యం, 200 టన్నుల పాలపొడి, 24 టన్నుల మందులు పంపింది. బియ్యానికి పెద్దగా లోటులేని శ్రీలంకకు ఆ గతి ఎందుకు పట్టింది?

డబ్బు ఎలా అయిపోయింది?

2019 ఈస్టర్ నాటి బాంబు పేలుళ్లు, వాటి వెనకే కరోనా పర్యాటకుల రాకను దెబ్బతీశాయి. 2019 చివర్లో వ్యాట్‌ను 15 శాతం నుంచి 8కి తగ్గించడంతో ఖజానా రాబడి పడిపోయింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించారు. వరి దిగుబడి తగ్గింది, డాలర్లు తెచ్చే తేయాకూ తగ్గింది. అప్పుల వాయిదాలు మాత్రం ఆగవుగా! 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ప్రభుత్వం చేతులెత్తేసింది.

సంక్షోభం ఇంట్లోకి ఎలా వచ్చింది?

పెట్రోలు, వంటగ్యాస్, మందులు చాలావరకు డాలర్లు పెట్టి తెచ్చుకోవాల్సినవే. అవి రాకపోయేసరికి రోజుకు 13 గంటల దాకా కరెంటు కోత పెట్టారు. కాగితం లేక బడి పరీక్షలు వాయిదా వేశారు. మార్చి 22న పిల్లాపెద్దా కలిసి 16 మంది శ్రీలంక తమిళులు రెండు విడతలుగా పడవల్లో రామేశ్వరం వైపు వచ్చేశారు. పూట గడవడం లేదన్నదే వాళ్లు చెప్పిన కారణం.

ప్రభుత్వం ఎందుకు పడిపోయింది?

కొలంబోలో కారున్న ఆసామీ, ఆటో నడిపే మనిషీ ఒకే బంకు ముందు పడిగాపులు కాశారు. ఆ కోపం గాల్‌ఫేస్ మైదానంలో గుడారాలేసింది. మే 9న ప్రధాని మహింద రాజపక్స రాజీనామా చేశారు. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడ్డారు. 13న అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం విడిచి వెళ్లారు.

జాతుల మధ్య ఏం మారింది?

2009లో తమిళ పులులపై యుద్ధం గెలిచామన్న పేరే రాజపక్సలకు ఓట్ల పెట్టుబడి. ఆకలి దగ్గర అది చెల్లలేదు. చెన్నై ఓడ కదిలిన మే 18నే గాల్‌ఫేస్‌లో సింహళులు కూడా ఆ యుద్ధంలో చనిపోయిన తమిళులకు నివాళులర్పించారు, వారి గుర్తుగా గంజి పంచారు. తమిళనాడు కూడా మొదట తమిళుల కోసమనుకున్న సాయాన్ని చివరికి శ్రీలంక ప్రజలందరికీ అని పంపింది.

అంతమాత్రాన జాతి సమస్య తీరిపోలేదు. ఓటు లెక్క మాత్రం మారింది. 2020లో మూడే సీట్లున్న అనుర కుమార దిస్సనాయకె కూటమి, ఆయన అధ్యక్షుడయ్యాక 2024 నవంబరు ఎన్నికల్లో 225కు 159 గెలిచింది. తమిళుల కంచుకోట జాఫ్నా జిల్లాలోనూ ఆరింట మూడు స్థానాలు ఆ కూటమివే.