లీగల్ గార్డియన్

మేధో వైకల్యమున్న కొడుక్కి 18 నిండితే చట్టం దృష్టిలో మేజరే. తాత రాసిచ్చిన పొలం అతని తరఫున అమ్మాలన్నా, అతని ఖాతా నడపాలన్నా, తల్లే వచ్చినా ‘గార్డియన్ సర్టిఫికెట్ ఏదమ్మా?’ అంటారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద దాన్ని ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలకూ ఇదే దారి. గార్డియన్‌గా వచ్చినవారు 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏటా జమాఖర్చులు చూపాలి. ఆస్తి కాజేసినా, మనిషిని గాలికొదిలేసినా బంధువులు ఫిర్యాదు చేసి తప్పించవచ్చు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకో అడుగు వేసింది: పరిమిత గార్డియన్ వైకల్యమున్న వ్యక్తితో కలిసే నిర్ణయం తీసుకోవాలి. అతణ్ణి పక్కన కూర్చోబెట్టి సంతకాలు కానిచ్చేయడం కుదరదు. తమ తర్వాత గార్డియన్ ఎవరన్నది తల్లిదండ్రులు తాము ఉండగానే తేల్చుకోవడం మేలు.