మదర్‌బోర్డు మార్చే ముందు మెమొరీ లేబులు చదవండి

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన వారికి గేజి అంటే ఏమిటో విడమరచి చెప్పనవసరం లేదు. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి పెట్టె, ఒకప్పుడు రూప్సా నుండి బారిపదా వైపు సాగిన 762 మిల్లీమీటర్ల నేరోగేజి పట్టాలపై నడవదు. కంప్యూటరులో మదర్‌బోర్డుకు, మెమొరీకి గల సంబంధం కూడ ఇటువంటిదే. అయితే ఇక్కడ గేజి కలిసినట్లే కనిపించి నష్టం కలిగించే సందర్భం ఒకటున్నది.

గత వర్షాకాలంలో మా క్వార్టర్ల వరుసలో ఒకరి కంప్యూటరు మూలపడింది. తండ్రి పదవీ విరమణకు చేరువలో ఉన్నారు. కుమారుడు ఉద్యోగ నియామక పరీక్షలకు దానిపైనే చదువుకుంటున్నాడు. మదర్‌బోర్డు పాడైనదని తేలింది. ఒక విక్రేత ఇంటెల్ 6వ తరం ప్రాసెసరుతో కూడిన వాడిన బోర్డును చూపి, పాత మెమొరీయే సరిపోతుందని చెప్పాడట. అబ్బాయి దానిని తెచ్చి, "బాబాయిగారూ, బిగించే ముందు ఒక్కసారి చూడండి" అన్నాడు.

మెమొరీ కార్డు స్లాటులో చక్కగా కూర్చునేదే. కాని కార్డు లేబులుపై "పీసీ3" అని, బోర్డుపై "డీడీఆర్3ఎల్" అని ఉన్నది. మొదటిది 1.5 వోల్టులది, రెండవది 1.35 వోల్టులది. రెండింటికీ 240 పిన్నులే. గాటు ఉన్న చోటూ ఒకటే. 6వ తరం ప్రాసెసరు 1.5 వోల్టుల మెమొరీకి ఉద్దేశించినది కాదు. కొన్నాళ్లు నడిచినా ప్రాసెసరు దెబ్బతినే ప్రమాదం కలదు. ఒక్క "ఎల్" అక్షరం విలువ అంత!

తక్కిన తరాల విషయంలో ఈ భ్రమకు తావు లేదు. డీడీఆర్‌కు 184 పిన్నులు, 2.5 వోల్టులు, డీడీఆర్2కు 240 పిన్నులు, 1.8 వోల్టులు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే అయినా వోల్టేజి వరుసగా 1.2, 1.1. తరం మారిన ప్రతిసారీ గాటు స్థానం మార్చారు. కనుక కార్డు స్లాటులో దిగకపోతే బలవంతంగా నొక్కరాదు. అది మనకొక హెచ్చరిక.

కొనుగోలుకు ముందు మరి మూడు విషయాలు గమనించవలెను. మొదటిది, బోర్డు ఒక్కొక్క స్లాటులో ఎన్ని జీబీలు స్వీకరిస్తుందో తయారీదారు పుస్తకంలో చూడాలి. రెండవది, చవకగా దొరికే సర్వర్ల "రిజిస్టర్డ్" మెమొరీ సాధారణ గృహ కంప్యూటర్లలో పనిచేయదు. మూడవది, వేర్వేరు వేగాల కార్డులను కలిపి వాడితే, అవి పొసగినప్పటికీ, అన్నీ తక్కువ వేగంతోనే నడుస్తాయి.

2025 చివరి నెలలలో మెమొరీ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి ఇంట ఉన్న మెమొరీని కాపాడుకోవడం పొదుపే. కాని దానికై ప్రాసెసరును బలి పెట్టడం పొదుపు కాదు. మేము ఆ బోర్డును తిరిగి ఇచ్చివేసి, పాత 4వ తరం ప్రాసెసరుకు, 1.5 వోల్టుల మెమొరీకి అనువైన మరొక బోర్డును వెదకి తెచ్చాము. బిగించిన పిమ్మట రాత్రంతా మెమొరీ పరీక్షా ప్రోగ్రామును నడిపాము. తెల్లవారేసరికి ఒక్క దోషమూ కనబడలేదు. అబ్బాయి ఆ ఉదయమే చదువుకు కూర్చున్నాడు.

పట్టాలు తప్పిన తరువాత గేజి కొలిచి ప్రయోజనమేమి? లేబులు చదవడానికి పట్టేది రెండే నిమిషాలు.