చిన్నారుల బడిలో తొలి కొలువు.. ఇంటర్వ్యూకు సిద్ధమిలా

* మార్కుల కన్నా మెలిగే తీరే కీలకం
* నమూనా తరగతికి ముందస్తు సాధన అవసరం
* అసలు ధ్రువపత్రాలు అప్పగించవద్దు

విద్యా సంవత్సరం ఆరంభానికి ముందు, వేసవి నెలల్లో ప్రైవేటు ప్రీస్కూళ్లు ఉపాధ్యాయుల నియామకాలు చేపడుతుంటాయి. ఇంటర్, డిగ్రీ పూర్తిచేసి సొంత ఊరికి దగ్గరలోనే ఉపాధి కోరుకునే యువతులకు చాలా సందర్భాల్లో ఇదే మొట్టమొదటి ఉద్యోగం. గ్రామీణ ప్రాంత అభ్యర్థులు ఇంటర్వ్యూ అనగానే ఇంగ్లిషు గురించే ఎక్కువగా బెంగపడతారు. ధారాళంగా మాట్లాడలేమన్న సంకోచంతో వెళ్లకుండా ఆగిపోయేవారూ ఉన్నారు. ఇంగ్లిషు మాధ్యమ సంస్థల్లో ఆ భాష కొంత అవసరమే. అయినా మూడేళ్ల బిడ్డతో అభ్యర్థి ఎలా మెలగగలరన్నదే ఈ ఇంటర్వ్యూలో తేలాల్సిన అసలు విషయం. దానికి సిద్ధపడటం ఎవరికైనా సాధ్యమే.

పని స్వభావం తెలియాలి

జాతీయ విద్యా విధానం-2020 ప్రకారం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశ. ఇందులో మొదటి మూడేళ్లు ప్రీస్కూలు లేదా అంగన్‌వాడీ, తర్వాతి రెండేళ్లు ఒకటి, రెండు తరగతులు. మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని ఆ విధాన పత్రం పేర్కొంది. ఈ దశకు సంబంధించిన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం 2022 అక్టోబరులో వెలువడింది. ఆటలు, పాటలు, కథలు, బొమ్మల ద్వారానే బోధన సాగాలన్నది దాని సారాంశం. ఈ నాలుగు మాటలు సొంతంగా వివరించగలిగితే, ‘ప్రీస్కూలు ఎందుకు?’ అన్న తొలి ప్రశ్నకు జవాబు దొరికినట్లే.

శిశు విద్యావేత్తల గురించి అడిగే అవకాశమూ ఉంది. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో 1920లో బాలమందిరాన్ని నెలకొల్పిన గిజుభాయి బధేకా వృత్తిరీత్యా న్యాయవాది. పిల్లల విద్య కోసం ఆ వృత్తిని వదులుకున్నారు. ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు నిర్వహించారు. భయం, దండన లేని చదువును కోరిన ఈ ఇద్దరి గురించీ నాలుగేసి వాక్యాలు తెలిసి ఉంటే చాలు.

నమూనా తరగతే గీటురాయి

పలు సంస్థలు పది, పదిహేను నిమిషాల పాటు పాఠం చెప్పి చూపించమంటాయి. ఎదుట పిల్లలు ఉండవచ్చు, యాజమాన్యమే ఉండవచ్చు. ఇందుకు ఒక పాట, ఒక కథ, ఒక ఆట ముందుగానే సిద్ధం చేసుకోవాలి. మూడింటినీ ఒకే అంశం చుట్టూ అల్లుకుంటే మంచిది. ఉదాహరణకు ‘ఆకులు’ అనుకుంటే, రావి, మామిడి, తమలపాకులను తీసుకువెళ్లి పెద్దవి, చిన్నవి వేరు చేయించవచ్చు. నునుపు, గరుకు తేడాను చేత్తో తాకించి చెప్పవచ్చు. లెక్కపెట్టించవచ్చు. ఆకు కదిలినట్లు పిల్లలతో చేతులు ఊపించి పాట పాడించవచ్చు. ఖర్చు లేదు, పరికరాలు అక్కరలేదు.

సామగ్రి ఎంపికలో మాత్రం జాగ్రత్త అవసరం. లెక్కలు నేర్పడానికి చింతగింజలు, శనగలు, పూసలు తీసుకువెళ్లడం పరిపాటి. మూడేళ్ల పిల్లలు వాటిని నోట్లోనో, ముక్కులోనో, చెవిలోనో పెట్టుకునే ప్రమాదముంది. అనుభవమున్న ప్రధానోపాధ్యాయులు దీన్ని వెంటనే గమనిస్తారు. గ్లాసులు, పెద్ద చెక్కముక్కలు, ఆకులు వంటివి వాడటం క్షేమం.

నిలబడి పైనుంచి మాట్లాడకుండా, పిల్లల కంటి ఎత్తుకు సమంగా కింద కూర్చోవాలి. పేరు పెట్టి పిలవాలి. ఒకరిద్దరు వినకుండా లేచి తిరిగితే గద్దించరాదు. ఆ వయసులో అది సహజం. పాట అందుకుంటే వారే తిరిగి వస్తారు.

ఇందుకు చక్కని సాధన ఊళ్లోనే దొరుకుతుంది. అంగన్‌వాడీ కార్యకర్త అనుమతి తీసుకుని నాలుగైదు రోజులు ఉదయం పూట కేంద్రంలో కూర్చుంటే పిల్లల తీరు అర్థమవుతుంది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైనప్పటి నుంచి పూర్వ ప్రాథమిక విద్య ఈ కేంద్రాల సేవల్లో ఒకటి. ‘అనుభవం ఉందా?’ అని అడిగితే, అక్కడ చూసిన సంగతులనే ఉన్నవి ఉన్నట్లుగా చెప్పవచ్చు. లేని అనుభవాన్ని కల్పించి చెబితే రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ఇలాంటి ప్రశ్నలు రావచ్చు

బడిలో చేరిన మొదటి రోజు బిడ్డ ఏడుపు ఆపకపోతే ఏం చేస్తారు? ‘అమ్మ ఇప్పుడే వచ్చేస్తుంది’ అని అబద్ధం చెప్పడం, పోలీసు వస్తాడని బెదిరించడం రెండూ సరికాదు. దగ్గరకు తీసుకుని, ‘అన్నం తిని, ఆట ఆడుకున్నాక అమ్మ వస్తుంది’ అని జరగబోయేదే చెప్పాలి. ఒకటికి రెండుసార్లు అలాగే జరిగితే బిడ్డకు నమ్మకం కుదురుతుంది.

ఒకరు మరొకరిని కొరికితే? ముందు దెబ్బ తగిలిన బిడ్డను చూసుకోవాలి. ఆ తర్వాత కొరికిన బిడ్డకు కొద్ది మాటల్లో చెప్పాలి. ఇద్దరి తల్లిదండ్రులకూ విషయం తెలియజేయాలి.

మూడేళ్లకే రాయడం రావాలని తల్లిదండ్రులు పట్టుబడితే? వేళ్ల కండరాలు ఇంకా బలపడలేదని మర్యాదగా వివరించాలి. మట్టి ముద్దలు చేయడం, కాగితం చింపడం, సుద్దముక్కతో గీతలు గీయడం రాతకు తొలి మెట్లని చూపించాలి.

తెలుగు రాని బిడ్డ వస్తే? తెలుగు జిల్లాల్లో లంబాడీ, కోయ, గోండి, సవర, ఉర్దూ ఇంటి భాషగా గల పిల్లలు ఎందరో ఉన్నారు. వీలైనచోట కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 విధానం సూచించింది. ఆ భాషలో నీళ్లు, అన్నం, నొప్పి, అమ్మ వంటి పది మాటలు తల్లిని అడిగి నేర్చుకుంటామని చెబితే అది మంచి సమాధానం.

భద్రతలో రాజీ వద్దు

విద్యా హక్కు చట్టం-2009లోని 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపులను నిషేధించింది. ‘అవసరమైతే ఒక దెబ్బ వేస్తాను’ అన్న మాట ఇంటర్వ్యూలోనే కాదు, బడిలోనూ చెల్లదు. లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే పోక్సో చట్టం-2012 ప్రకారం, నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు సమాచారం ఇవ్వడం తప్పనిసరి. బాలల సహాయవాణి 1098. బడి వదిలాక ముక్కూమొహం తెలియనివారు బిడ్డ కోసం వస్తే, తల్లిదండ్రులతో మాట్లాడి నిర్ధారించుకునే వరకు పంపరాదు.

పత్రాలు, వేషధారణ

పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కుల జాబితాలు, ఆధార్ నకలు, ఫొటోలు ఒకే ఫైలులో వరుసగా అమర్చుకోవాలి. అసలు పత్రాలు చూపించి వెనక్కి తీసుకోవాలి. వాటిని సంస్థ వద్దే ఉంచాలంటే అంగీకరించవద్దు. మధ్యలో మానేయాల్సి వచ్చినా, మరోచోట అవకాశం దొరికినా ఆ కాగితాల కోసమే తిరగాల్సి వస్తుంది. శిక్షణ కోర్సు చేయదలచినవారు డబ్బు కట్టేముందు దానికి గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఇంటర్ తర్వాత రెండేళ్ల ప్రీస్కూలు డిప్లొమాకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ప్రమాణాలు నిర్దేశించింది.

నేలపై కూర్చుని లేవడానికి వీలైన సాదా దుస్తులు మేలు. పిల్లలకు గుచ్చుకునే పిన్నులు, లాగితే తెగే గొలుసులు లేకుండా చూసుకోవాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. దూరం నుంచి వచ్చేవారు ఒక బస్సు ముందుగా బయల్దేరడం ఉత్తమం.

మీరూ అడగాల్సినవి

చివర్లో ‘ఏమైనా అడుగుతారా?’ అంటే మౌనంగా ఉండిపోవద్దు. జీతం ఎంత, పన్నెండు నెలలకూ ఇస్తారా, వేసవి సెలవులకు కోత పెడతారా అన్నది ముందే తేల్చుకోవాలి. ఒక్కో ఉపాధ్యాయినికి ఎందరు పిల్లలు, సాయానికి ఆయా ఉంటారా, సెలవుల్లో ఇంటింటికీ తిరిగి పిల్లలను చేర్పించాలన్న షరతు ఉందా అని వినయంగా అడగవచ్చు. 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థల్లో భవిష్యనిధి గురించీ తెలుసుకోవాలి. నియామక పత్రం రాతపూర్వకంగా కోరాలి. తొలి ఉద్యోగమన్న మొహమాటంతో వీటిని వదిలేస్తే, చేరిన తర్వాత అడగడం మరింత కష్టం.

వీలైతే, జరుగుతున్న తరగతిని అయిదు నిమిషాలు చూడనివ్వమని కోరాలి. పిల్లలు నవ్వుతున్నారా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, ఉపాధ్యాయిని చేతిలో బెత్తం ఉందా అన్నవి అక్కడే కనిపిస్తాయి. ఉద్యోగంలో చేరాలో వద్దో నిర్ణయించుకోవడానికి ఆ అయిదు నిమిషాలు ఎంతగానో ఉపకరిస్తాయి.