ఉప్పునీటి తొట్టిలోకి ఆల్చిప్ప: చుక్క చుక్కగా అలవాటు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగువారు స్థిరపడిన ఖరగ్‌పూర్‌కు సముద్రం లేదు. అక్కడ ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలంటే ఆర్వో నీటిలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుకోవాలి. ఆ నీటిలోకి ఆల్చిప్పను దించడం చేపను వదిలినంత సులువు కాదు.

సముద్రపు చేప తన ఒంట్లోని ఉప్పును తానే అదుపు చేసుకుంటుంది. ఆల్చిప్పకు ఆ శక్తి లేదు. చుట్టూ నీరు ఎంత ఉప్పగా ఉంటే దాని శరీర ద్రవాలూ దాదాపు అంతే ఉప్పగా ఉంటాయి. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. తొట్టి నీరు హఠాత్తుగా పలచనైతే ఆల్చిప్ప కణాలు ఉబ్బుతాయి; చిక్కనైతే కుంచించుకుపోతాయి. అప్పుడది చిప్పలు బిగించుకుంటుంది. చాలాసేపు అలాగే ఉంటే ఆక్సిజనూ ఆహారమూ అందవు.

అందుకే ఆల్చిప్ప ఉన్న పాత్రలోకి సన్నని గొట్టంతో తొట్టి నీటిని చుక్కలుగా వదులుతారు. రెండు చోట్లా ఉప్పు, ఉష్ణోగ్రత సమానమయ్యాకే దాన్ని తొట్టిలోకి మారుస్తారు. పాత్రలోని నీటిని మాత్రం పారబోస్తారు.

తరువాతి గండం ఆకలి. చాలా ఆల్చిప్పలు నీటిని వడగట్టి సూక్ష్మమైన నాచును తింటాయి. తళతళలాడే కొత్త తొట్టిలో వాటికి తిండి దొరకదు. రంగురంగుల జెయింట్ క్లామ్ తన ఒంట్లోనే నాచును పెంచుకుని, అది వెలుతురుతో తయారుచేసే ఆహారం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అయితే అందం చూసి కొనకూడదు. ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వామోసా జాతులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. జాతి తెలియని ఆల్చిప్పను ఇంటికి తేకపోవడమే మొదటి జాగ్రత్త.