ఓడల కోరంగిని ముంచిన ఒండ్రు

తాళ్లరేవు: కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో పద్దెనిమిది కిలోమీటర్లు దాటగానే కోరంగి వస్తుంది. మడ అడవులు చూడవచ్చే పర్యాటకులు ఆ పేరు పలకని రోజు ఉండదు. కానీ ఒకనాడు బర్మాలో, మారిషస్‌లో తెలుగువారందరినీ పిలిచిన పేరు ఈ ఊరిదేనని ఎరిగినవారు అరుదు. ఎక్కడి తెలుగువాడైనా అక్కడ ‘కోరంగి’యే. ఓడ బయలుదేరిన రేవు పేరే జాతి పేరుగా స్థిరపడింది. అంతటి రేవు ఎలా కనుమరుగైందో తెలుసుకోవాలంటే గోదావరినే అడగాలి.

చెక్క ఓడల పుట్టిల్లు

గోదావరి ముఖద్వారాల వద్ద ఓడల నిర్మాణం కొత్త విద్య కాదు. ఎగువ అడవుల్లోని టేకు దుంగలు నది వెంట తేలుతూ దిగువకు వచ్చేవి. పదిహేడో శతాబ్దంలో ఐరోపా వర్తకులు నరసాపురం ప్రాంతంలో తమ ఓడలు కట్టించుకున్నారు. పక్కనే గౌతమీ పాయపై కోరంగి, తాళ్లరేవు ఎదిగాయి. ఇక్కడి వడ్రంగులు చెక్క ఓడలు కట్టడంలోనూ, మరమ్మతులోనూ పేరెన్నికగన్నారు. 1802లో ఎబనీజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు కోరంగిలో ఓడల మరమ్మతుకు డాక్ నిర్మించాడు.

తెరచాప ఓడలకు గాలే ఇంధనం. నైరుతి గాలులు అందుకుని బంగాళాఖాతం దాటి బర్మా చేరేవి. ఈశాన్య గాలులు మొదలయ్యాక తిరుగు ప్రయాణం కట్టేవి. 1830లలో మారిషస్ చెరకు తోటలకు తెలుగు కూలీలను తీసుకెళ్లిన ఓడల్లో ఒకదాని పేరు ‘కోరింగా ప్యాకెట్’.

రెండు ఉప్పెనలు

1789 డిసెంబరులో వచ్చిన తుపాను కోరంగిని కుదిపేసింది. ఒకదాని వెంట ఒకటిగా మూడు పెనుకెరటాలు ఊరిపై విరుచుకుపడ్డాయి. లంగరు వేసి ఉన్న ఓడలు యానాం మైదానాల్లోకి కొట్టుకుపోయాయి. సుమారు ఇరవై వేల మంది మరణించారని అంచనా.

తిరిగి లేచిన ఊరిని 1839 నవంబరు ఉప్పెన మళ్లీ ముంచింది. మూడు లక్షల మంది చనిపోయారని, ఇరవై వేల ఓడలు ధ్వంసమయ్యాయని అనేక పుస్తకాలు రాస్తున్నాయి. అయితే అంత చిన్న రేవుకు ఆ అంకెలు పొసగవు. అవి అతిశయోక్తి కావచ్చు గానీ, విధ్వంసం మాత్రం నిజం. బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి విపత్తునూ నమోదు చేశాడు. 1848లో వెలువడిన తన పుస్తకంలో సుడిగాలి తుపానుకు ‘సైక్లోన్’ అని పేరు పెట్టింది ఆయనే.

అసలు శత్రువు ఒండ్రు

ఉప్పెన వచ్చి పోతుంది. కూలిన ఇల్లు మళ్లీ లేస్తుంది. కోరంగిని శాశ్వతంగా దెబ్బతీసింది మాత్రం ఏటా వరదతో గోదావరి తెచ్చిపోసే ఒండ్రు. నదీ పాయ పూడి, మొగలో ఇసుక మేట వేసి, పెద్ద ఓడలకు దారి మూసుకుపోయింది.

విచిత్రమేమంటే, కోరంగిని చంపిన ఇసుకే కాకినాడకు ప్రాణం పోసింది. నది తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరంగా నెట్టగా సుమారు పదహారు కిలోమీటర్ల పొడవైన తిన్నె ఏర్పడింది. అదే హోప్ ఐలాండ్. దాని చాటున కాకినాడ తీరానికి అలల తాకిడి తగ్గింది. పైగా 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల వెంట పడవల్లో డెల్టా ధాన్యం నేరుగా కాకినాడకు చేరసాగింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధంతో పత్తికి గిరాకీ పెరగడం ఈ రేవుకు కలిసివచ్చింది. 1890లలో రైలు కూడా రావడంతో వర్తకమంతా ఇటే మళ్లింది.

‘రంగం’ పొగయోడలు

ఈలోగా తెరచాపకు పోటీగా పొగయోడ వచ్చింది. 1856లో కలకత్తా-బర్మా మధ్య స్టీమర్లు నడిపేందుకు ఏర్పడిన కంపెనీ, 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్‌గా మారింది. దాని స్టీమర్లు కాకినాడ, విశాఖ, భీమిలి తదితర రేవుల్లో ఆగేవి. కాకినాడలో స్టీమర్ ఒడ్డుకు రాలేదు. మైళ్ల దూరంలో లంగరు వేస్తే జనాన్నీ సరుకునూ పడవల్లో చేర్చేవారు. డెక్కుపైనే పడుకుని వేలాది మంది ‘రంగం’ వెళ్లారు. రంగూన్ రేవులో, బియ్యపు మిల్లుల్లో చెమటోడ్చారు. 1930 మేలో అక్కడి తెలుగు రేవు కూలీల సమ్మె నేపథ్యంలో చెలరేగిన అల్లర్లలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

1941 డిసెంబరులో రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాయి. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశానికి తరలివచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడలపైనా బాంబులు పడ్డాయి. ఆ దాడుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు మునిగిపోయాయి. రంగం ప్రయాణాలకు అది గట్టి దెబ్బ.

మిగిలినదేమిటి?

నేడు కోరంగిలో ఓడలు లేవు. వాటికి దారి మూసిన ఒండ్రుపైనే మడ అడవి పెరిగింది. 1978లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను వెయ్యి మందికి పైగా బలిగొంది. వేటకు వెళ్లిన భైరవపాలెం, బలుసుతిప్ప మత్స్యకారులు ఎందరో తిరిగిరాలేదు. ఆనాడు మడ చెట్ల చాటున ఉన్న పల్లెలకు కొంత రక్షణ దొరికింది.

కోరంగి కథ చెప్పేది ఒక్కటే. ఇక్కడ రేవును కట్టేది మనిషి, ఉంచేదీ తీసేసేదీ నది. కాకినాడకు కాపుగా నిలిచిన హోప్ ఐలాండ్ సైతం అలలు చెక్కే ఇసుక తిన్నెయే. ఎగువ నుంచి వచ్చే ఒండ్రు తగ్గినా, మడ అడవి పలచబడినా ఆ కాపు సడలుతుంది. పడవలో మడ అడవిని చుట్టివచ్చే వారికి ఈ పాయలోనే ఒకనాడు సముద్రపు ఓడలు నిలిచాయని చెప్పే ఫలకం ఒక్కటి ఉన్నా, పాఠం మరుగున పడదు.